రెండంగుళాల పనితనం

సికింద్రాబాద్ రోడ్ల మీద ఎత్తు పెంచిన జిప్సీ కనిపిస్తే చాలామంది చూపు ముందు దాని టైర్ల మీదికి పోతుంది. బండి పని తెలిసినవాళ్లు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని కిందికి తొంగిచూస్తారు. మంచి పనీ నాసి పనీ తేలేది అక్కడే. కమాను పట్టీల వంపు రెండు పక్కలా సమానంగా ఉందా, యూ బోల్టులు కొత్తవేనా, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎంత వాలుగా దిగుతోంది, చక్రం కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టానికి సాగే వీలుందా అని వరసగా చూసుకుంటూ పోతారు. ఈ నాలుగూ చూస్తే ఆ బండి మీద చెయ్యి వేసిన మేస్త్రీ ఎలాంటివాడో తెలిసిపోతుంది.

పాత బండిని రెండంగుళాలు పైకి లేపడానికి ఎక్కువ సమయం పట్టదు. లేపడంతో చెదిరిన కొలతలన్నిటినీ మళ్లీ కుదర్చడానికే సమయం, ఓర్పు, లెక్క కావాలి. చక్రానికీ చాసిస్‌కూ మధ్య ఉన్న ప్రతి భాగాన్నీ కంపెనీ ఒక ఎత్తుకు సరిపోయేలా కొలిచి పెట్టింది. ఆ ఎత్తు మారితే స్టీరింగ్, బ్రేకు, షాఫ్టు, షాక్ అబ్జార్బరు అన్నీ కొత్త కొలత అడుగుతాయి. వాటన్నిటికీ తలా ఒక జవాబు చెప్పగలిగిన పనే పనితనం. ఆ జవాబులు ఒక్కొక్కటిగా ఎలా ఉంటాయో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఊరికీ బండికీ ఉన్న బంధం

1806లో బ్రిటిష్ సేనల విడిదిగా మొదలైన సికింద్రాబాద్‌కు సైన్యంతో ఉన్న అనుబంధం నేటికీ తెగలేదు. కంటోన్మెంటు ఇక్కడే ఉంది. సైనిక వాహనాల మరమ్మతు విద్య నేర్పే మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ తిరుమలగిరిలో ఉంది. అటు రాణిగంజ్ వీధుల్లో బేరింగులు, బుష్‌లు, బోల్టులు, లారీల సామాన్లు అమ్మే దుకాణాలు వరసగా ఉన్నాయి. భాగం పేరు తెలియకపోయినా పాతది చేతికిస్తే చాలు, దాని జోడీ వెతికి తీసిచ్చే పాతకాపులు ఆ కౌంటర్ల వెనుక ఉంటారు. పాత ఫోర్ వీల్ బండి ఉన్నవాడికి ఇంతకన్నా అనుకూలమైన ఊరు దొరకడం కష్టం.

ఇక బండి సంగతి. మారుతి జిప్సీ 1985 డిసెంబరులో వచ్చింది. సుజుకి ఎస్‌జే410 దీని మాతృక. 970 సీసీ ఇంజను, సుమారు 45 గుర్రాల శక్తి. 1993లో ముందు జతలోనూ వెనక జతలోనూ ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 90 మిల్లీమీటర్లు పెంచారు. ముందు 1210 ఉన్నది 1300 అయింది, వెనక 1220 ఉన్నది 1310 అయింది. 1996లో 1298 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. మన సైన్యం 1990ల నుంచి ఈ బండిని వేల సంఖ్యలో వాడింది. వాడకం ముగిసిన సైనిక వాహనాలు వేలానికి వస్తాయి. అలా వచ్చిన డిస్పోజల్ జిప్సీలు, అంతకు ముందు తరం జీపులు పౌరుల చేతుల్లోకి చేరాయి.

దీని నిర్మాణంలో దాపరికం లేదు. నిచ్చెన ఆకారపు చాసిస్, ముందూ వెనకా ఒకే దండంగా ఉండే గట్టి యాక్సిళ్లు, నాలుగు మూలలా కమాను పట్టీలు. 1941 నాటి విల్లీస్ జీపు పొందిక కూడా ఇదే. చక్రం బోల్టుల వలయం రెండింటిలోనూ ఒకటే కొలత: అయిదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అంగుళాలు. ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, పానాకు అందుతుంది. కొలిచి, విప్పి, సరిచేసి మళ్లీ బిగించే వీలు ఉంది గనుకే ఇలాంటి బండి మీద మేస్త్రీ విద్య రాణిస్తుంది.

ముందుగా అడిగే మాట

మంచి మేస్త్రీ బండిని జాకీ మీదికి ఎక్కించే ముందు ఒక మాట అడుగుతాడు. “సార్, మీరు బండి ఎక్కువ యాడ నడుపుతరు? గది చెప్పుండ్రి ముందుగాల.” ఎన్ని అంగుళాలు లేపాలన్నది ఆ తరవాతి సంగతి. జవాబును బట్టే స్ప్రింగూ టైరూ నిర్ణయమవుతాయి.

ఈ ఊరి చుట్టూ నేల ఒకే తీరుగా లేదు. దగ్గరలో గ్రానైటు బండలు, వాటి మధ్య ఇసుక, ఎర్ర చెల్క. పడమటికి, వికారాబాద్ వైపు అనంతగిరి కొండల్లో ఎర్రమట్టి బాటలు, వాన పడితే జారే వాలులు. తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడి. బండి వారంలో అయిదారు రోజులు ప్యారడైజ్, తార్నాక ట్రాఫిక్కులోనే తిరిగి, ఆదివారం ఒక్కరోజు అనంతగిరి ఎక్కుతుందంటే దానికి కావలసిన లిఫ్టు, అంటే ఎత్తు పెంపు, వేరు. బండల మధ్య చక్రం చక్రంగా దించే పందాలకు కావలసినది వేరు. మొదటి రకం యజమానులే ఎక్కువ కాబట్టి, అనుభవం ఉన్న మేస్త్రీలు నలభై, యాభై మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపొమ్మంటారు. ఆ సలహాలో పిరికితనం ఏమీ లేదు. ఆ కొలత దాటితే వెంట వచ్చే మార్పుల పట్టిక ఎంత పొడుగవుతుందో వాళ్లకు తెలుసు.

బరువు సంగతి కూడా ముందే తేలాలి. ఒక్కరే తిరిగే బండికీ, ముందు ఇనుప బంపరూ విన్చీ, వెనక నలుగురు మనుషులూ సామానూ ఉండే బండికీ ఒకే కమాను నప్పదు. ఖాళీ బండికి బరువు స్ప్రింగు వేస్తే అది వంగనే వంగదు. వంగని స్ప్రింగు గుంతలో చక్రాన్ని నేలకు ఆనించదు. నేలకు ఆనని చక్రానికి పట్టు ఎక్కడిది?

కమాను పట్టీల శాస్త్రం

ఎత్తు పెంచడానికి ఉన్న దారుల్లో అన్నిటికన్నా చవకైనది షాకిల్ పొడవు పెంచడం. కమాను ఒక కొస చాసిస్‌కు స్థిరంగా ఉంటుంది, రెండో కొస షాకిల్ మీద ఊగుతుంది. ఆ షాకిల్‌ను రెండంగుళాలు పొడిగిస్తే యాక్సిల్ దగ్గర వచ్చే ఎత్తు ఒక్క అంగుళమే, ఎందుకంటే స్థిరంగా ఉన్న కొస కదలలేదు. పైగా కమాను మొత్తం ఒక పక్కకు వాలుతుంది, దానితోపాటు యాక్సిల్ కూడా తిరుగుతుంది. జిప్సీలో ముందు కమానుల షాకిళ్లు ముందు వైపు ఉంటాయి. అవి పొడుగైతే చక్రం మలుపు తిరిగే ఇరుసైన కింగ్‌పిన్ పైకొస ముందుకు వాలి, క్యాస్టర్ కోణం తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నేరుగా రావడానికి కారణం ఆ కోణమే. అది తగ్గిన బండి హైవే మీద అటూ ఇటూ తచ్చాడుతుంది, నడిపేవాడి చేతులకు విశ్రాంతి ఉండదు.

రెండో దారి, కట్టలో ఒక పట్టీ అదనంగా చేర్చడం. ఎత్తు వస్తుంది, దానితో బిరుసు కూడా వస్తుంది. కమాను బిరుసు పట్టీల సంఖ్యను బట్టి నేరుగా పెరుగుతుంది. అయిదు పట్టీల కట్టకు అదే మందం గల ఆరోది చేరిస్తే బిరుసు దాదాపు అయిదో వంతు ఎక్కువ. మందం లెక్క ఇంకా కఠినం. బిరుసు మందం ఘనాన్ని అనుసరిస్తుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ బదులు 7 మిల్లీమీటర్లది వేస్తే తేడా ఒక్క మిల్లీమీటరే, కానీ బిరుసు సుమారు 59 శాతం పెరుగుతుంది. లారీ కమానులోంచి తీసిన పట్టీని కోసి జిప్సీలో ఇరికిస్తే నడుములు విరగడానికి కారణం ఈ ఘనమే. అందుకే వేళ్లతో తడిమి ఊరుకోకుండా వెర్నియర్ కాలిపర్ పెట్టి మందం చూసే మేస్త్రీని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

మూడో దారి, ఉన్న పట్టీలకే మళ్లీ వంపు పెట్టడం. ఇది కమాను పనివాళ్ల సొంత విద్య. కట్ట విప్పి, పట్టీని గాడి ఉన్న దిమ్మ మీద బోర్లించకుండా లోపలి వంపు పైకి ఉండేలా పెట్టి, సుత్తితో కొస నుంచి కొసకు కొద్దికొద్దిగా కొట్టుకుంటూ పోతారు. నేల మీద సుద్దతో గీసిన వంపురేఖ మీద పట్టీని పెట్టి సరిచూసుకుంటారు. ఈ పనిలో గొప్పదనం దెబ్బల దగ్గర ఉంది. బరువు పడ్డప్పుడు పట్టీలో సాగే ముఖం ఆ పై ముఖమే. దాని మీద సుత్తి అంచు దిగి గాటు పడితే, పగులు అక్కడే మొదలవుతుంది. నిదానస్తుడి పట్టీ మీద దెబ్బలు ఒకే ఎడంతో, ఒకే లోతుతో, గాట్లు లేకుండా ఉంటాయి. ప్రెస్సు ఉన్నవాళ్లు ప్రెస్సుతోనే వంచుతారు.

వేడి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మన దేశంలో కమాను పట్టీలకు ఎక్కువగా వాడే 65ఎస్‌ఐ7 రకం సిలికాన్ ఉక్కును సుమారు 850–900 డిగ్రీల దాకా కాల్చి, నూనెలో ముంచి చల్లార్చి, మళ్లీ 450–500 డిగ్రీల దగ్గర పదును దించుతారు. ఆ క్రమమే దానికి వంగి లేచే గుణం ఇస్తుంది. బొగ్గుల కొలిమిలో ఎర్రగా కాల్చి, వంచి, గాలికి వదిలేసిన పట్టీకి వంపు మిగులుతుంది గానీ గుణం మిగలదు. కొన్ని నెలల్లో అది మళ్లీ వాలిపోతుంది. తెలిసిన మేస్త్రీ అయితే చల్లగానే వంచుతాడు. వేడి చేయక తప్పదంటే, నూనె తొట్టీ, పదును దించే పొయ్యీ ఉన్న చోటికే పంపుతాడు.

కట్ట కట్టేటప్పుడు ఇంకో సూక్ష్మం ఉంది. కింది పొట్టి పట్టీలకు పై పట్టీ కన్నా కాస్త ఎక్కువ వంపు ఇస్తారు. విడిగా ఒకదాని మీద ఒకటి పెడితే మధ్యలో సన్నని సందు కనిపిస్తుంది. సెంటర్ బోల్టు బిగించగానే ఆ సందు మూసుకుని, పట్టీల కొసలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. మట్టీ నీళ్లూ దూరే చోటు తగ్గుతుంది. అందరికన్నా ఎక్కువ కష్టపడే మెయిన్ పట్టీకి ముందుగానే కొంత ఉపశమనం దొరుకుతుంది. బయటికి కనిపించని ఈ ఏర్పాటు చేసినవాడు కమాను ధర్మం తెలిసినవాడు.

నాలుగో దారి, కొత్త లిఫ్టు కమానులు కొనడం. ఆస్ట్రేలియా ఓల్డ్ మ్యాన్ ఎము సహా, బరువును బట్టి వేర్వేరు బిరుసుల్లో స్ప్రింగులు చేసే కంపెనీలు ఉన్నాయి. ఎక్కువ పట్టీలు, తక్కువ మందం, ఎక్కువ వంపు వాటి సూత్రం. ఎత్తుతోపాటు మెత్తదనం కూడా దొరికేది ఈ దారిలోనే. ఇక అయిదోది, యాక్సిల్ కింద ఉన్న కమానును యాక్సిల్ పైకి మార్చడం. జిప్సీలో కమాను యాక్సిల్ కింద ఉంటుంది కాబట్టి, ఈ మార్పుతో ఒక్కసారిగా నాలుగైదు అంగుళాలు వస్తాయి. హౌసింగ్ మీద కొత్త పీటలు వెల్డింగ్ చేయాలి, స్టీరింగ్ రాడ్లు మార్చాలి, షాఫ్టులు మార్చాలి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు హౌసింగ్ మెలితిరగాలని చూసే గుణం కూడా పెరుగుతుంది. బండల పందాలకు తప్ప రోజూ తిరిగే బండికి ఇది నేను సమర్థించను.

ఒక కోణం దిద్దితే ఇంకోటి

రాబర్ట్ హుక్ పేరు బడి పుస్తకాల్లో స్ప్రింగు సూత్రం దగ్గర చదివాం. సాగినంత మేర బలం అనే ఆ సూత్రాన్ని ఆయన 1678లో వివరించాడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు కొసల్లో ఉండే క్రాస్ జాయింటుకూ హుక్ జాయింట్ అనే పేరుంది. లిఫ్టు చేసిన బండిలో ఈ రెండూ ఒకదానితో ఒకటి తలపడతాయి. స్ప్రింగు ఎత్తు పెంచితే జాయింటు కోణం పెరుగుతుంది.

క్రాస్ జాయింటు కోణంలో తిరిగేటప్పుడు వేగం నిలకడగా ఉండదు. ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 10 డిగ్రీల దగ్గర ఈ ఊగిసలాట ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలకు చేరితే ఆరు శాతం. కోణం రెట్టింపు, కుదుపు నాలుగు రెట్లు. రెండు కొసల్లో కోణాలు సమానంగా ఉండి, రెండు యోకులూ ఒకే వరసలో ఉంటే, ముందు జాయింటు చేసిన తప్పును వెనక జాయింటు దిద్దేస్తుంది. అందుకే షాఫ్టు విప్పే ముందు స్లిప్ జాయింటు మీద సుద్దతోనో పంచ్‌తోనో గుర్తు పెట్టుకోవడం మంచి మేస్త్రీ అలవాటు. ఒక పల్లు అటూ ఇటూ అయినా బండి అరవై వేగంలో వణుకుతుంది. ఎత్తు పెరిగాక స్లిప్ జాయింటు లోపల ఇంకా ఎంత పట్టు మిగిలిందో కూడా కొలవాలి. తగ్గితే షాఫ్టు కొసన స్పేసర్ వేయాలి.

జిప్సీలో ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అంటుకుని ఉండదు, విడిగా చాసిస్‌కు వేలాడుతుంది. గేర్‌బాక్సు నుంచి దానికి ఒక చిన్న షాఫ్టు, అక్కడి నుంచి ముందుకొకటి, వెనక్కొకటి. కమాను లేపితే మారేవి ఆ చివరి రెండూ. వెనక యాక్సిల్ దగ్గర చీలిక ఆకారపు ఉక్కు ముక్క కమానుకూ యాక్సిల్ పీటకూ మధ్య పెట్టి, షాఫ్టు వచ్చి కలిసే పినియన్ కోణం దిద్దవచ్చు. ముందు వైపు అలా కుదరదు. ఒకే హౌసింగ్‌కు చివరల్లో కింగ్‌పిన్నులూ మధ్యలో పినియనూ ఉన్నాయి. క్యాస్టర్ పెంచుదామని హౌసింగ్ తిప్పితే పినియన్ కిందికి చూస్తుంది, షాఫ్టు కోణం పెరుగుతుంది. షాఫ్టు కోసం తిప్పితే క్యాస్టర్ పోతుంది. ఇక్కడ ఏది ముఖ్యమో తేల్చుకోవాలి. ముందు షాఫ్టు మీద బరువు పడేది ఫోర్ వీల్ వేసినప్పుడు, అదీ తక్కువ వేగాల్లో. స్టీరింగ్ అవసరం ప్రతి క్షణం. అందుకే నేర్పరి మేస్త్రీ క్యాస్టర్‌ను కాపాడి, షాఫ్టుకు హద్దు దాటని కోణం మిగిలేంత ఎత్తులోనే లిఫ్టును ఆపుతాడు. ఎత్తు ఎంత అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఇక్కడ దొరుకుతుంది.

స్టీరింగ్ బాక్సు చాసిస్ మీద ఉంది, చక్రాలు యాక్సిల్ మీద ఉన్నాయి. రెండింటినీ కలిపే డ్రాగ్ లింకు, బండి లేచిన కొద్దీ వాలుగా అవుతుంది. వాలు పెరిగితే గుంత ఎదురైనప్పుడల్లా స్టీరింగ్ దానంతట అది కొంచెం తిరుగుతుంది. రెండంగుళాల లోపు లిఫ్టులో లింకు పొడవు సర్దుబాటు చేసి స్టీరింగ్‌ను మధ్యకు తెస్తే సరిపోతుంది. అంతకు మించితే లింకు ఆకారాన్నే మార్చాలి. స్టీరింగ్ రాడ్డును వెల్డింగ్‌తో అతకడం మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోవలసిన పని కాదు.

షాక్ అబ్జార్బరును చూసి ఎంచకూడదు, కొలిచి ఎంచాలి. బండిని జాకీ మీద లేపి చక్రం పూర్తిగా వేలాడినప్పుడు పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా ఎంత దూరమో, చక్రం పైకి లేచి హద్దుగా ఉండే బంప్ స్టాప్‌ను తాకినప్పుడు ఎంత దూరమో రాసుకోవాలి. షాకు తెరుచుకునే పొడవు మొదటిదానికన్నా ఎక్కువ, మూసుకునే పొడవు రెండోదానికన్నా తక్కువ ఉండాలి. లేకపోతే చక్రం బరువంతా షాకు మీద వేలాడి లోపలి పిస్టన్ దెబ్బతింటుంది, లేదా గట్టి గుద్దులో షాకే నలిగిపోతుంది. బ్రేకు గొట్టానికీ ఇదే పరీక్ష. చక్రం వేలాడి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిరిగినప్పుడు గొట్టం బిగుతుగా ఉంటే పొడుగుది వేయాల్సిందే. పెద్ద టైరు పడితే బంప్ స్టాప్ కూడా అంత మేర కిందికి దిగాలి. అప్పుడే టైరు మడ్‌గార్డును రాయదు.

టైరు ఎంపిక

కమానుల పని పూర్తయినా ఒక కొలత మాత్రం మారదు. డిఫరెన్షియల్ హౌసింగ్ కింది అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో అంతే ఉంటుంది. కమాను లేపేది చాసిస్‌ను, బాడీని. హౌసింగ్‌ను లేపగలిగేది టైరు ఒక్కటే. అందుకే లిఫ్టు గురించి మాట్లాడేటప్పుడు టైరును వేరుగా పెట్టకూడదు.

జిప్సీ కింగ్ టైరు 205/70 ఆర్15. దాని వ్యాసం 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే వ్యాసం 703. హౌసింగ్ సుమారు 18 మిల్లీమీటర్లు లేస్తుంది. 235/75 ఆర్15 అయితే 733, హౌసింగ్ 33 మిల్లీమీటర్లు లేస్తుంది. అంకెలు చూస్తే రెండోదే ఆకర్షిస్తుంది. దాని ఖర్చు కూడా చూడాలి. చుట్టుకొలత దాదాపు పది శాతం పెరుగుతుంది కాబట్టి, మీటరు 80 చూపేటప్పుడు బండి 88 దగ్గర పోతుంటుంది. నేల మీద చక్రం చూపే లాగుడు బలం తొమ్మిది శాతం తగ్గుతుంది. చిన్న ఇంజనుకు ఆ తొమ్మిది శాతం అనంతగిరి ఎక్కేటప్పుడు బాగా తెలుస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లు మార్చి ఆ లోటు పూడ్చే దారి ఉంది, అది ఇంకో పెద్ద పని. 235 టైరుకు కనీసం 6 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. జిప్సీ అసలు రిమ్ము అంతకన్నా సన్నం. దాని మీద ఎక్కించిన వెడల్పు టైరు మధ్యలో ఉబ్బి, ట్రెడ్డు మధ్యభాగమే అరుగుతుంది. రిమ్ము మార్చి చక్రాన్ని మరీ బయటికి నెడితే వీల్ బేరింగుల మీద, కింగ్‌పిన్ బేరింగుల మీద భారం పడుతుంది. ఇవన్నీ తూచి చూస్తే, ఊళ్లోనూ కొండమీదా తిరిగే జిప్సీకి యాభై మిల్లీమీటర్ల లోపు లిఫ్టు, 215/75 టైరు జోడీ సరైనదని నా అభిప్రాయం.

ట్రెడ్డు రకం నేలను బట్టి ఉండాలి. మడ్ టెర్రెయిన్ టైరుకు పెద్ద దిమ్మలు, వాటి మధ్య వెడల్పు సందులు. చక్రం తిరుగుతుంటే సందుల్లో చేరిన మట్టి ఎగిరి పోవాలన్నది దాని ఉద్దేశం. తడి రేగడి మాత్రం పొలంలో నడిచిన రైతు చెప్పులకు పట్టుకున్నట్టు పట్టుకుని వదలదు. సన్నని సందుల టైరు నాలుగు చుట్లలోనే నున్నటి ముద్ద అయిపోతుంది. తాండూరు, జహీరాబాద్ పొలాల వైపు వానాకాలం తరచుగా వెళ్లేవాళ్లకు మడ్ టైరు అవసరమే. గ్రానైటు బండల మీద కావలసిన గుణం వేరు. అక్కడ రబ్బరు మెత్తగా, నేలకు ఎక్కువగా ఆనేలా, పక్కగోడ గట్టిగా ఉండాలి. తారు రోడ్డు మీద మడ్ టైరు మోత పెడుతుంది, త్వరగా అరుగుతుంది, తడిలో బ్రేకు దూరం పెంచుతుంది. ఎర్ర చెల్క బాటలకూ ఊరి రోడ్లకూ కలిపి ఆల్ టెర్రెయిన్ రకం చాలు. మంచి టైర్ల కోసం దూరం చూడనక్కర లేదు, ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ మన సదాశివపేటలోనే ఉంది.

కొనేముందు పక్కగోడ చదవాలి. నాలుగంకెల తేదీలో మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 2323 అంటే 2023లో 23వ వారం. ఏళ్ల తరబడి దుకాణంలో పడి ఉన్న టైరు చూడటానికి కొత్తదిగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. భారసూచిక కూడా చూడాలి. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది. సుమారు టన్ను బరువున్న జిప్సీకి అది చాలినంత. అంతకన్నా చాలా ఎక్కువ సూచిక ఉన్న మందపు టైరు తేలిక బండి కింద వంగదు, కాబట్టి నేలకు ఒదగదు.

గాలి ఒత్తిడి ఖర్చు లేని పనిముట్టు. మనుషులతో కలిపి ఒక్కో చక్రం మీద 275 కిలోలు పడుతున్నాయనుకుంటే, 26 పౌండ్ల గాలితో టైరు నేలకు ఆనే చోటు సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. 16 పౌండ్లకు దించితే 240 దాటుతుంది. ఇసుకలో, బురదలో ఆ తేడాయే బండిని బయటికి తెస్తుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి.

హద్దులు

ఎత్తు పెరిగితే బండి బరువు కేంద్రమూ పైకి పోతుంది. లెక్క కోసం, ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగం 650 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం ఎత్తు కూడా 650 అనుకుందాం. అప్పుడు పక్కవాలు 45 డిగ్రీలకు చేరితే బండి పడిపోతుంది. కేంద్రం 70 మిల్లీమీటర్లు పైకి పోతే అది 42 డిగ్రీలకే పడుతుంది. నిజం వాలులో కమానులు కూడా ఒరుగుతాయి కాబట్టి అసలు హద్దు ఇంకా తక్కువ. 1993కు ముందటి సన్న జిప్సీలో ఇంకా జాగ్రత్త కావాలి.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి, ప్రతిసారీ తనిఖీకి నిలబడాలి. కాబట్టి పని మొదలుపెట్టకముందే ఆర్టీఏలో కనుక్కోవడం మంచిది. అసలు కమానులు, రిమ్ములు పారేయకుండా దాచుకోవడం ఇంకా మంచిది.

బిగింపు, తరవాత

భాగాలు మంచివే అయినా బిగింపులో ఓర్పు లేకపోతే అంతా వృథా. యూ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి, మళ్లీ వాడకూడదు. సెంటర్ బోల్టు తల యాక్సిల్ పీట గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో చూశాకే నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఎడమ పక్క ముందు సెంటర్ బోల్టు నుంచి వెనక సెంటర్ బోల్టుకు ఎంత దూరమో, కుడి పక్కా అంతే ఉండాలి. కమాను కొసల్లో రబ్బరు బుష్‌ల బోల్టులను బండి గాల్లో ఉండగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు కమానుల మీద పడ్డాకే చివరి బిగింపు. గాల్లో బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలితిరిగిపోతుంది, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి త్వరగా చీలిపోతుంది. రెండు నిమిషాల తేడా ఇది. ఆ రెండు నిమిషాలు ఆగే మేస్త్రీ చేతిలో బుష్‌లు ఏళ్లు నిలుస్తాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మని పిలిచి యూ బోల్టులు బిగించి పంపేవాడు ఆ పనిని తనదిగా భావించేవాడు.

మేస్త్రీని ఎంచుకునేటప్పుడు నిన్న పూర్తయిన బండిని చూసి నిర్ణయించకండి. కొత్త రంగు, కొత్త రబ్బరు అందరి పనినీ అందంగానే చూపిస్తాయి. ఆయన చేతి మీదుగా వెళ్లి పదివేల కిలోమీటర్లు తిరిగిన బండి చూపించమని అడగండి. దాని ముందు టైర్ల ట్రెడ్డు మీద అరచెయ్యి అడ్డంగా రాయండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుకుగా తగిలితే చక్రాల టో, అంటే రెండు చక్రాల సమాంతరం, తప్పింది. అక్కడక్కడ గుంటలు పడి ఉంటే షాకులు చక్రాన్ని నేలకు ఆనించలేదు. మధ్యలోనే అరిగితే రిమ్ముకు మించిన టైరో, మించిన గాలో. ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే తీరుగా అరిగి ఉంటే, కమాను వంపూ కోణాలూ షాకు పొడవూ బిగింపూ అన్నీ లెక్క ప్రకారం కుదిరాయని అర్థం. అలాంటి టైరు చూపించగలిగిన మేస్త్రీకి మీ పాత బండిని నిశ్చింతగా అప్పగించవచ్చు.